ఓకే చెప్పేది ఎవరు?

పెళ్లి రెండు రోజుల్లో అయిపోతుంది. పందిరి వాళ్లు మర్నాడు పొద్దున్నే వచ్చి గుంజలు పీక్కుపోతారు. వంట మేస్త్రీ లెక్క తేల్చుకుని వెళ్లిపోతాడు. పురోహితుడు సంభావన పుచ్చుకుని ఇంకో ముహూర్తానికి బయల్దేరతాడు. ఆ తర్వాత కూడా నెలల తరబడి ఆ ఇంటికి ఫోన్లు చేస్తూ ఉండిపోయేది ఒక్క ఫోటోగ్రాఫరే. 'సెలక్షన్ అయిందా అండీ?' అని అతడు అడుగుతాడు. అటునుంచి వచ్చే జవాబూ ఎప్పుడూ ఒకటే. 'అమ్మాయి ఇంకా చూడలేదు బాబూ. ఈ ఆదివారం అందరం కూర్చుంటాం.'

ఆ ఆదివారం రాదు. అల్లుడు డల్లాస్ విమానం ఎక్కుతాడు, వీసా రాగానే అమ్మాయీ వెళ్లిపోతుంది. ఏడాది తిరిగేసరికి సీమంతం. దానికి మళ్లీ అదే ఫోటోగ్రాఫర్‌ను పిలుద్దామంటే మొహమాటం అడ్డొస్తుంది, పెళ్లి ఆల్బమే ఇంకా తెచ్చుకోలేదు కదా. తెలుగు పట్టణాల్లో ఏ స్టూడియో యజమానిని కదిపినా ఇలాంటివి రెండు మూడు చెబుతాడు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ ఇందులో డబ్బుంది, పరువుంది, ఒక్కోసారి చట్టమూ ఉంది.

ముందు డబ్బు సంగతి. ఈ వ్యాపారంలో సాధారణంగా మాట కుదిరినప్పుడు కొంత అడ్వాన్స్, పెళ్లి రోజున మరికొంత ఇస్తారు. మిగతాది ఆల్బమ్ చేతికిచ్చినప్పుడే. అంటే సెలక్షన్ ఆగితే డిజైన్ ఆగుతుంది, డిజైన్ ఆగితే ప్రింటింగ్ ఆగుతుంది, ప్రింటింగ్ ఆగితే బ్యాలెన్స్ ఆగుతుంది. ఈలోగా ఫోటోగ్రాఫర్ తన దగ్గర పనిచేసిన రెండో కెమెరా కుర్రాడికి, వీడియో తీసినవాడికి, లైట్ పట్టుకున్నవాడికి కూలీ ఇచ్చేసి ఉంటాడు. సీజన్‌లో ఇలా నాలుగైదు ఆల్బమ్‌లు ఇరుక్కుంటే, అతడి పెట్టుబడి జనం తీరిక దొరకని ఆదివారాల్లో బందీ అయినట్టే.

ఫిల్ము రోజుల్లో ఈ గొడవ ఇంత లేదు. రోలుకు 36 ఫ్రేములు. పది రోలులు వాడితే గొప్ప పెళ్లి కింద లెక్క. బటన్ నొక్కిన ప్రతిసారీ డబ్బు ఖర్చవుతుంది కాబట్టి ఫోటోగ్రాఫర్ చూసుకుని నొక్కేవాడు. పోస్టుకార్డు సైజు ప్రింట్లు వేసి కట్టగా ఇస్తే ఇంట్లోవాళ్లు మంచం మీద పరుచుకుని వెనకాల పెన్సిల్‌తో టిక్కు పెట్టేవారు. పత్రికలు, ప్రకటనల ఏజెన్సీల్లో అయితే కాంటాక్ట్ షీట్ ఉండేది. నెగెటివ్‌ను ఆరేసి ఫ్రేముల ముక్కలుగా కత్తిరించి, 8x10 అంగుళాల కాగితం మీద వరసగా పేర్చి ముద్రిస్తే రోలు మొత్తం ఒక్క చూపులో కనిపించేది. ఎడిటర్ భూతద్దం పెట్టి చూసి, ఎర్ర మైనపు పెన్సిల్‌తో చుట్టేవాడు. ప్రతి ఫ్రేము కిందా ఫిల్ము కంపెనీయే అచ్చువేసిన నంబరు. దాన్ని ఎవరూ మార్చలేరు, ఇంకో ఫ్రేముతో పొరబడలేరు.

ఇప్పుడు ఒక మోస్తరు పెళ్లికి ఇద్దరు ముగ్గురు ఫోటోగ్రాఫర్లు. ఒకరు సంప్రదాయ పద్ధతిలో అందర్నీ నిలబెట్టి తీస్తారు, ఇంకొకరు 'క్యాండిడ్' పేరుతో ఎవరూ చూడనప్పుడు తీస్తారు. నలుగు నుంచి అప్పగింతల దాకా కలిపితే ఐదు వేల ఫోటోలు తేలిగ్గా పోగవుతాయి. ఒక్కో ఫోటోను ఐదు సెకన్లు చూసినా, మధ్యలో కాఫీకి కూడా లేవకుండా, ఏడు గంటల పని. ఉద్యోగం చేసుకునే దంపతులకు ఆ ఆదివారం ఎందుకు రాదో ఈ లెక్కే చెబుతుంది.

అందుకే ఈ వ్యవహారంలో మొదటి తప్పు ఎక్కువసార్లు ఫోటోగ్రాఫర్‌దే. 'అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసేశాను సార్, మీరే చూసుకోండి' అనడం చూడ్డానికి ఉదారంగా ఉంటుంది. నిజానికి అది తన పనిని కస్టమర్ నెత్తిన పెట్టడం. కళ్లు మూసుకుపోయినవి, ఒకే భంగిమలో తీసిన పన్నెండింటిలో పదకొండు, ఎవరి మోచెయ్యో అడ్డొచ్చినవి, లైట్ వెలగనివి ఏరేయడం వృత్తిలో భాగం. ఐదు వేలు ఆరేడు వందలకు దిగితే సెలక్షన్ ఒక సాయంత్రం పని. అయితే కుటుంబాలకూ ఒక అనుమానం ఉంది. డబ్బిచ్చింది మేమైతే దాచుకునేది అతడా అని. దాచుకోనక్కర్లేదు. మిగతావి విడిగా ఒక డిస్క్‌లో ఇచ్చేయొచ్చు. ముందు చూపించేవి మాత్రం ఏరినవై ఉండాలి.

ఏరడంలోనూ ఒక చిక్కుంది. మండపం మూలన ప్లాస్టిక్ కుర్చీలో ఒక్కతే కూర్చున్న ముసలావిడ ఎవరో ఫోటోగ్రాఫర్‌కు తెలియదు. పెళ్లికొడుకు తండ్రిని చిన్నప్పుడు పెంచిన మేనత్త ఆవిడే కావచ్చు. ఫ్రేము కాస్త మసకగా ఉందని అతడు తీసేస్తే ఆ ఇంట్లో అదొక పెద్ద నేరం. దీనికి మందు పెళ్లికి ముందే ఉంది. ఇరువైపుల నుంచీ ఒక్కొక్కరిని, వీలైతే అందరినీ గుర్తుపట్టే పిన్నినో బాబాయినో అడిగి, తప్పకుండా ఉండాల్సిన పదిహేను ఇరవై మంది పేర్లు రాయించుకోవాలి. పెళ్లిలో ఆ మనిషే పక్కన నిలబడి 'ఆవిడే' అని చూపిస్తే ఇంకా మంచిది. ఇలా చేసే స్టూడియోలు ఉన్నాయి. వాటికి పేచీలు తక్కువ.

ఇక నంబర్ల గోల. కెమెరా ఫైళ్లకు తానే పేర్లు పెడుతుంది. నాలుగంకెల నంబరు 9999 దాకా వెళ్లి మళ్లీ 0001కి వచ్చేస్తుంది. ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే ఒకే పేరుతో రెండు ఫోటోలు పుట్టడానికి ఎంతో సేపు పట్టదు. కుటుంబం చక్కగా కాగితం మీద '4521, 4530, 4562' అని రాసి పంపిస్తుంది. ఏ 4521? పెళ్లికూతురు చెలికత్తెలతో నవ్వుతున్నదా, వంటశాలలో గారెలు తీస్తున్నదా? కెమెరాల గడియారాల్లో తేడా ఉంటే మరీ విడ్డూరం. సమయం ప్రకారం పేర్చిన ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లానికి ముందే తలంబ్రాలు పడిపోతాయి. పెళ్లి రోజు పొద్దున కెమెరాలన్నిటి టైమూ ఒకటి చేసుకుని, చూపించేముందు ఫోటోలన్నిటికీ కొత్తగా వరస నంబర్లు వేస్తే ఈ తంటా తీరుతుంది. అరగంట పని. ఆ అరగంట మిగుల్చుకోబోయి పది రోజులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

వాట్సాప్ వచ్చాక ఇంకో ముచ్చట మొదలైంది. పెళ్లికూతురి తల్లి ఫోన్‌లో ఫోటో చూస్తుంది, స్క్రీన్‌షాట్ తీస్తుంది, వేలితో ఎర్రటి సున్నా చుట్టి 'ఇది కావాలి తమ్ముడూ' అని పంపిస్తుంది. ఆ స్క్రీన్‌షాట్‌కు నంబరు ఉండదు. ఐదు వేలలో అదెక్కడుందో తమ్ముడే వెతుక్కోవాలి. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదించేస్తుంది కూడా. డాక్యుమెంట్‌గా పంపితే తప్ప అసలు ఫైలు అసలులా వెళ్లదు. కుదించిన ముక్కను పెద్దది చేసి చూసి 'ఫోటో క్లియర్‌గా రాలేదేంటి' అని అడిగేవాళ్లకు ఈ సంగతి వివరించడం ఫోటోగ్రాఫర్లకు నిత్యకృత్యం. పరికరాలకు కొదవేం లేదు. 2007లో వచ్చిన అడోబీ లైట్‌రూమ్‌లోనే ఒక మీట నొక్కితే ఉంచడం, ఇంకోటి నొక్కితే తీసేయడం వీలయింది. ఇప్పుడు పాస్‌వర్డ్ పెట్టిన ఆన్‌లైన్ గ్యాలరీలో కుటుంబ సభ్యులు ఎక్కడున్నా కూర్చుని నచ్చినదాని మీద హృదయం గుర్తు నొక్కొచ్చు, జాబితా దానంతటదే తయారవుతుంది. అయినా పని ఆగుతోందంటే కారణం యంత్రంలో లేదు.

కారణం 'ఓకే' చెప్పేది ఎవరో తేలకపోవడం. తెలుగు పెళ్లి ఆల్బమ్ నిజానికి రెండు పుస్తకాలు. ఒకటి వధూవరుల జ్ఞాపకం. రెండోది బంధువర్గం హాజరుపట్టీ. పెళ్లికూతురు తాను బాగా వచ్చిన ఫోటోలు చూసుకుంటుంది. అత్తగారు తన పుట్టింటివాళ్లు ఎన్ని పేజీల్లో ఉన్నారో లెక్కపెడుతుంది. మేనమామ బుట్ట పట్టుకొచ్చిన ఫోటో చిన్నదైపోయిందని ఆయన భార్య నొచ్చుకుంటుంది. ఎవరి బాధ వాళ్లకు న్యాయమే. వీళ్లందరికీ విడివిడిగా ఫోటోగ్రాఫర్ నంబరు తెలియడమే అన్యాయం. అమ్మాయి తీసేయమన్నది అత్తగారు పెట్టమంటే అతడు ఎవరి మాట వినాలి? ఇంట్లో తేలని తగవు స్టూడియో బల్ల మీదికి వస్తుంది. రెండు వైపులా వేర్వేరు ఆల్బమ్‌లు చేయించుకోవడం ఒక దారి, ఖర్చు భరించగలిగితే. రెండో దారి చవకైనది. అడ్వాన్స్ తీసుకున్న రోజే, ఆఖరి మాట ఎవరిదో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు రాసుకోవడం. మిగతావాళ్లు తమ మాట ఆ మనిషికే చెప్పుకోవాలి.

ప్రకటనల ఫోటోగ్రఫీలో ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. కెమెరాను తీగతో మానిటర్‌కు కలిపి, క్లయింటు ప్రతినిధిని అక్కడే కూర్చోబెట్టి, ఒక్కో షాటూ ఒప్పుకున్నాకే నగ మార్చడమో చీర మార్చడమో చేస్తారు. ఫిల్మ్‌నగర్ స్టిల్స్‌దీ ఇదే తంతు, దర్శకుడు, నిర్మాత, హీరో మనుషులు చూడనిది పోస్టర్‌కు ఎక్కదు. పెళ్లిలో ఆ సౌకర్యం లేదు. మాంగల్యధారణను ఇంకోసారి చేయించలేరు కదా.

అసలు 'ఓకే' అంటే ఏమిటి? 'బాగున్నాయి' అంటే ప్రింటుకు పంపమనా, మర్యాదకు అన్నదా? బొటనవేలి బొమ్మ పంపితే? కెనడాలోని సస్కచెవాన్ రాష్ట్రంలో 2023లో ఒక కోర్టు ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. అవిసె గింజల కొనుగోలు ఒప్పందం ఫోటో పంపి ఖరారు చేయమని అడిగితే రైతు బొటనవేలి బొమ్మ పంపాడు. తర్వాత సరుకు ఇవ్వలేదు. ఆ బొమ్మ సంతకంతో సమానమేనని చెప్పి, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమంది కోర్టు. మన దేశంలోనూ ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతికత చట్టం చెబుతోంది. 12x36 అంగుళాల షీటు ఒకసారి అచ్చయ్యాక వెనక్కి పోదు. అట్ట మీద వరుడి పేరులో ఒక ఒత్తు తగ్గిందని అప్పుడు చూసుకుంటే ఎవరి ఖర్చు? ఎన్నో సారి పంపిన డిజైనో, ఎన్ని పేజీలో, పేర్లు తేదీలు చూసుకున్నామో లేదో రాసిన ఒక వాక్యానికి 'ఒప్పుకుంటున్నాం' అన్న జవాబు ఉంటే ఆ పేచీ పుట్టదు. రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోదానికి ఇంత అని ముందే చెప్పుకున్నా తప్పు లేదు.

కొందరు స్టూడియోవాళ్లు ఇంకో అడుగు వేశారు. 45 రోజుల్లోనో 60 రోజుల్లోనో సెలక్షన్ రాకపోతే తామే ఏరి ఆల్బమ్ వేసేస్తామని రాయించుకుంటున్నారు. కస్టమర్లకు ఇది దౌర్జన్యంలా కనిపిస్తుంది. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే నోటితో చెప్పి, తాము ఆల్బమ్ ఇచ్చే తేదీ కూడా అదే కాగితం మీద రాస్తే ఇది న్యాయమైన షరతే. రెండో సగం లేకుండా మొదటి సగం మాత్రమే రాయించుకునేవాళ్లతోనే చిక్కు. ఎందుకంటే ఆలస్యం ఒకవైపే లేదు. సీజన్‌లో శక్తికి మించి ఒప్పుకుని, ఒక్క కాపీయే ఉంచుకున్న హార్డ్‌డిస్క్ పోయిందని చేతులెత్తేసిన ఫోటోగ్రాఫర్లపై వినియోగదారుల కమిషన్లకు వెళ్లినవాళ్లు తక్కువేం లేరు.

రంగుల దగ్గర ఇంకో తకరారు. ఫోన్ తెర మీద కాంతి ఎక్కువ, కాగితం మీద తక్కువ. తెర మీద ఒప్పుకున్న ఫోటో అచ్చులో ముదురుగా కనిపిస్తుంది. ఒక్క పేజీ నమూనాగా అచ్చు వేసి చూపిస్తే సరిపోతుంది. అంతకన్నా లోతైనది, 'అమ్మాయిని కాస్త తెల్లగా చెయ్యి బాబూ' అనే మాట. చాలాసార్లు ఈ కోరిక అమ్మాయి నుంచి రాదు. ఆమె చూసేసరికి ఆల్బమ్ నిండా తన పోలికలున్న ఇంకెవరో ఉంటారు. ముఖం ఎవరిదో వాళ్లు ఒప్పుకోకుండా ఆ ముఖం రంగు మార్చకూడదన్న చిన్న నియమం పెట్టుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ఇంతకీ ఆ ఫోటో ఎవరి ఆస్తి? చాలామంది ఫోటోగ్రాఫర్లు తమదే అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ వేరే మాట చెబుతోంది. ప్రతిఫలం తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. తీసినవాడు కర్తగా మిగులుతాడు. తన పేరు చెప్పుకునే హక్కు, పరువు పోయేలా ఫోటోను పాడుచేస్తే అడ్డుకునే హక్కు అతడివి. కాబట్టి పెళ్లి ఫోటోలను అడక్కుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుని కొత్త బేరాలు వెతుక్కునే స్టూడియో, కాగితం మీద అనుమతి లేకపోతే, కాస్త బలహీనమైన నేల మీదే నిలబడింది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. తీయించుకున్నవారు అంటే చాలా ఇళ్లలో డబ్బు కట్టిన తండ్రి. ఫోటోలో ఉన్న అమ్మాయి ఆ లెక్కలో ఎక్కడా లేదు.

1892లో హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ పరదా పాటించే మహిళల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. ఒక ఆంగ్ల మహిళ దాన్ని చూసుకునేది. పరాయి మగవాడి కంట పడకుండా ఫోటో దిగాలన్నది ఆనాటి షరతు. పరదా పోయింది, సమస్య వేషం మార్చుకుంది. మంగళస్నానం నాడు ఒళ్లంతా పసుపుతో, తడిసిన చీరతో ఉన్న ఫోటోలు ఆడవాళ్ల మధ్య నవ్వుకోవడానికి తీయించుకున్నవి. అవీ రిసెప్షన్ ఫోటోలూ కలిపి ఒకే లింకులో పెట్టి, ఆ లింకును నాలుగు వందల మంది ఉన్న బంధువుల గ్రూపులో వేస్తే? లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు, దించుకోవచ్చు. ముందు అమ్మాయికి ఒక్కదానికే చూపించి, ఆమె ఏరినవే మిగతావాళ్లకు తెరవడం మర్యాదైన పద్ధతి. సెల్ఫీ దిగితే చాలు, మీరున్న ఫోటోలన్నీ ఏరి పంపిస్తామనే ఏర్పాట్లూ ఫంక్షన్ హాళ్లలో కనిపిస్తున్నాయి. సౌకర్యమే, కాదనలేం. అయితే భోజనానికి వచ్చిన అతిథి, అతడి పసిపిల్ల ముఖాలను యంత్రం కొలిచి పెట్టుకుంటోందని వాళ్లకు ఎవరు చెప్పారు? 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తులు సొంతానికి, ఇంటి అవసరానికి చేసుకునేదాన్ని మినహాయించింది. వ్యాపారం చేసే స్టూడియో ఆ మినహాయింపు చాటున నిలబడటం కష్టం.

వద్దన్న ఫోటోల గతి ఏమిటన్నది అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. 1962 జూన్‌లో వోగ్ పత్రిక కోసం బెర్ట్ స్టెర్న్ మార్లిన్ మన్రోను దాదాపు రెండున్నర వేల ఫోటోలు తీశాడు. చూడమని పంపిస్తే ఆమె నచ్చనివాటి మీద నారింజ రంగు కలంతో ఇంటూ గుర్తులు గీసింది, కొన్ని పారదర్శికలను తలపిన్నుతో గీకేసింది. ఆగస్టులో ఆమె చనిపోయింది. ఆమె కొట్టేసినవి ఆ గీతలతో సహా తర్వాత అచ్చయ్యాయి, పేరూ తెచ్చుకున్నాయి. వద్దన్న మనిషి లేకపోయినంత మాత్రాన ఆ మాట చెల్లకుండా పోతుందా అని అప్పట్నుంచీ అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కథ క్యూబాది. 1960 మార్చి 5న ఆల్బెర్తో కోర్దా తీసిన చే గెవారా ఫోటోను అతడి పత్రిక ఆ రోజు వేసుకోలేదు. కోర్దా దాన్ని స్టూడియో గోడకు తగిలించుకున్నాడు. ఏడేళ్లకు అది బయటికొచ్చి ప్రపంచంలోని టీషర్టులన్నిటి మీదికీ ఎక్కింది.

పెళ్లి ఫోటోలకు ఈ రెండు కథలూ వర్తిస్తాయి. అమ్మాయి వద్దన్నది ఎక్కడా కనిపించకూడదు. ఎవరూ పట్టించుకోనిది మాత్రం ఎక్కడో భద్రంగా ఉండాలి. ఏ రకానిది ఏదో విడగొట్టి రాసుకుంటేనే ఇది సాధ్యం. ఎంతకాలం దాస్తారో, ఆ తర్వాత చెరిపేసే ముందు ఫోన్ చేస్తారో లేదో ఒప్పంద పత్రంలో రెండు వాక్యాలు ఉండాలి, చాలా పత్రాల్లో ఉండవు. దీన్‌దయాళ్ స్టూడియోలో నెగెటివ్‌లకు నంబర్లు వేసి పెట్టేవారు. ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొన్న ఆయన గాజు నెగెటివ్‌లు 2,857.

స్టూడియోల్లో మూడు నాలుగేళ్లకు ఒక మనిషి తిరిగొస్తాడు. ఆల్బమ్ గురించి కాదు. తాతయ్య పోయారు, దండ వేయడానికి పెద్ద ఫోటో కావాలి. ఆల్బమ్‌లో ఆయన ఉన్నవన్నీ గుంపులో వెనక వరసవే. ఒంటరిగా ఒక్కటి తీసినట్టు గుర్తు, పంచె కట్టుకుని మండపం ముందు కుర్చీలో కూర్చుని తలంబ్రాలు చూస్తూ నవ్వుతున్నది. అప్పుడు దాన్ని ఎవరూ సెలక్ట్ చేయలేదు. నంబరు వేసి పెట్టుకున్న స్టూడియోలో అది పది నిమిషాల పని. లేనిచోట యజమాని బీరువాలోంచి పాత హార్డ్‌డిస్క్ తీసి, దుమ్ము తుడిచి, కంప్యూటర్‌కు తగిలించి, అది తిరుగుతుందో లేదోనని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు.